మండువా ఇంటి వారసులు పందొమ్మిదిమందికి బహిరంగ లేఖ

పెరంబూరు, చెన్నై

పెద్దన్నయ్యకు, చిన్నన్నయ్యకు, బాబాయిల పిల్లలకు, అత్తయ్యల పిల్లలకు,

ఇది మన వాట్సాప్ గ్రూపులో పెట్టాల్సిన సంగతి. పెట్టాను కూడా, రెండుసార్లు. మొదటిసారి ఏడు బొటనవేళ్ళు, రెండు దండాలు వచ్చాయి. రెండోసారి దాని కిందే ఎవరో గుడ్ మార్నింగ్ బొమ్మ పెట్టారు, ఇక నా మాట పైకి వెళ్ళిపోయింది. అందుకే నలుగురూ చదివే చోట రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఊళ్ళో తాళం వేసిన పాత లోగిలి, దాని మీద ఇరవైమంది వారసులు, వాళ్ళలో సగంమంది చెన్నైలో. ఇలాంటి కుటుంబం మనదొక్కటే కాదు. పక్కవీధిలోనే నాకు మూడు తెలుసు. వాళ్ళూ చదువుకోనీండి.

మొన్న టీ నగర్‌లో పెళ్ళికి అందరం కలిశాం. భోజనాలయ్యాక మనవాడొకడు ఫోన్ తీసి ఒక వ్యాపారి పంపిన ధరలు చూపించాడు. పేరు రాయను, వాడికి తెలుసు. స్తంభానికి ఇంత, ముఖద్వారానికి ఇంత, మిగతా టేకు ఘనపుటడుగుల లెక్క. పెంకులు, ఇటుకలు వాళ్ళే ఉచితంగా దించుకుపోతారట. వారం రోజుల్లో స్థలం చదునుచేసి ఇస్తారట. ఐస్‌క్రీం తింటూ అందరం మనసులో ఆ మొత్తాన్ని పందొమ్మిదితో భాగించుకున్నాం. అబద్ధమెందుకు, నేనూ భాగించుకున్నాను. స్తంభాలు పన్నెండు, వారసులం పందొమ్మిదిమందిమి. లెక్క ఎటూ తెగలేదు.

ఆ మరుసటి వారం తాళంచెవి తీసుకుని ఊరికి వెళ్ళాను. నాలుగేళ్ళయింది వెళ్ళి. మీలో కొందరికి పదిహేనేళ్ళు దాటింది, ఆ సంగతి కాపలా చూస్తున్న ఆయనే చెప్పాడు, నేను అడగలేదు.

వీధి అరుగు మీద గడ్డి మొలిచింది, అది పెద్ద విషయం కాదు. గొళ్ళెం తీసి లోపలికి అడుగుపెడితే మండువాలో మడమ మునిగేంత నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఎండాకాలంలో! ముందురోజు ఒక్క జల్లు పడిందట, అంతే. మనం చిన్నప్పుడు నాలుగు వైపుల కప్పుల నుంచి వాన ధారలుగా మండువాలో పడుతుంటే కాగితం పడవలు వేసేవాళ్ళం గుర్తుందా? అవి తిరిగి తిరిగి ఈశాన్యం మూల తూములోకి పోయి, పెరట్లో అరటిచెట్ల దగ్గర తేలేవి. ఆ తూము ఇప్పుడు పూడిపోయింది. చీర కుచ్చెళ్ళు ఎగ్గట్టి చెయ్యి పెట్టాను. ఒక బిస్కెట్ కవరు, పెంకు ముక్కలు, గట్టిపడ్డ సిమెంటు ముద్ద ఒకటి, చివరికి ఒక కప్ప బయటికొచ్చాయి. కప్ప బతికే ఉంది. అరగంటలో నీళ్ళు గుడగుడమంటూ దిగిపోయాయి.

ఆ సిమెంటు ముద్ద ఎక్కడిదో మనకు తెలుసు. పెదనాన్న షష్టిపూర్తికి ఇల్లు బాగుచేద్దామని తూర్పు గోడకు సిమెంటు పూయించాం. అందరం డబ్బులు వేసుకున్నాం, అందరం మెచ్చుకున్నాం. ఇప్పుడు వెళ్ళి చూడండి. మోకాలి ఎత్తుదాకా ఆ పూత పొట్టలా ఉబ్బి ఉంది. వేలితో తడితే లోపల డొల్ల చప్పుడు. ఒకచోట పెచ్చు ఊడింది, వెనక ఇటుకను గోటితో గీకితే బొంబాయి రవ్వలాగా రాలింది. ఇంకో మూడు గోడలకు పాత సున్నమే ఉంది. రంగు పోయింది, నల్లబడింది, కానీ గోడ గట్టిగా ఉంది.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఆ ఇల్లు గానుగ సున్నంతో కట్టింది. ఎద్దు గానుగ తిప్పుతుంటే సున్నం, ఇసుక కలిపి నూరి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు పోసి చేసేవాళ్ళు. అలాంటి గోడ నేలలోంచి చెమ్మ పీల్చుకుంటుంది, మళ్ళీ గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మకు బయటికి దారి ఉండదు. లోపలే ఉండి, ఉప్పు పేరుకుని, ఇటుకను తినేస్తుంది. మనది సముద్రం దగ్గరి ఊరు, ఉప్పుకు కొదవేముంది? అంటే ఆ ఇంటికి ఇప్పటిదాకా జరిగిన పెద్ద నష్టం వానల వల్లా కాదు, చెదల వల్లా కాదు. మనం ప్రేమగా చేసిన రిపేరు వల్ల. పెద్దన్నయ్య దీనికి నొచ్చుకోకూడదు, ఆ రోజు మేస్త్రీని తెచ్చింది మా ఆయనే.

ఇక ఆ ఇంటి వయసు సంగతి. పెళ్ళిలో ఒకడు నూట డెబ్భై ఏళ్ళన్నాడు, ఇంకొకరు వందేళ్ళు కూడా ఉండవన్నారు. ముఖద్వారం పైపట్టె మీద సంవత్సరం చెక్కి ఉంది, అయితే అంకెల్లో కాదు, పేరుతో: విరోధికృత్. తెలుగు సంవత్సరం అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది కాబట్టి అది 1851 అయినా కావచ్చు, 1911 అయినా కావచ్చు. పడిపోయిన పెంకుల్లో ఒకటి తిరగేసి కడిగి చూశాను. వెనక బాసెల్ మిషన్ ముద్ర ఉంది. మనం బెంగుళూరు పెంకులంటాం గానీ అవి మంగుళూరువి. జర్మన్ మిషనరీలు అక్కడ పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది 1860ల్లో. కాబట్టి 1851లో ఆ పెంకులు వచ్చే అవకాశమే లేదు. కప్పు తర్వాత మార్చి ఉండొచ్చు కదా అంటే, ఉండొచ్చు. కానీ దూలాల మీద వేరే కప్పు కూర్చున్న గుర్తులేవీ నా కంటికి కనబడలేదు. నా మట్టుకు అది 1911 ఇల్లు. తెలిసినవాళ్ళు చూసి కాదంటే ఒప్పుకుంటాను.

టేకు దూలాలు రంగూన్ నుంచి మద్రాసు రేవులో దిగి, అక్కడి నుంచి పడవల్లో మన ఊరి దగ్గరిదాకా వచ్చాయని జేజమ్మ చెప్పేది. అప్పటికి మద్రాసు–బెజవాడ రైలు నడుస్తూనే ఉంది, మరి పడవలెందుకు? కాలువ మీద కిరాయి తక్కువని మా నాన్న అనేవారు. బకింగ్‌హాం కాలువ గురించే చెబుతున్నాను. చెన్నై ఊళ్ళో కూవం, అడయారు నదుల్ని కలిపే ముక్కను ధాత కరువులో, 1877-78లో, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇచ్చి తవ్వించారు. ఇవాళ మైలాపూరు దాటుతూ ముక్కు మూసుకుంటాం చూడండి, లోకల్ రైలు స్తంభాలు దిగబడి ఉన్న ఆ మురుగు, అదే. మన ఇంటి దూలాలు వచ్చిన కాలువ పక్కనే మనలో ముగ్గురికి ఫ్లాట్లున్నాయి.

తర్వాతి చరిత్ర మీకు తెలిసిందే, త్వరగా చెప్పేస్తాను. ముత్తాత సంస్థానం కింద చిన్న మొఖాసాదారు, అంటే సంస్థానం ఇచ్చిన ఊరి శిస్తు అనుభవించేవాడు. 1948లో మద్రాసు ఎస్టేట్ల, అంటే జమీందారీల, రద్దు చట్టం వచ్చింది. ఎస్టేటు కచేరీకి మాత్రమే వాడిన కట్టడాలు ప్రభుత్వానికి, నివాసాలు యజమానులకు అని ఆ చట్టం విడదీసింది. ముందున్న కచేరీ సావిడి అలా పోయింది, కొన్నాళ్ళు బడి నడిచింది, తర్వాత కూలింది. వెనక లోగిలి మనకు మిగిలింది. 1973 భూపరిమితి చట్టంతో పొలమూ తగ్గింది. ఆ ఇంటిని మేపింది పొలమే. ఏటా దసరాకు ముందు పెంకులు సర్దడానికి, సంక్రాంతికి ముందు సున్నాలు వెయ్యడానికి డబ్బు గాదెలోంచే వచ్చేది. గాదె ఖాళీ అయ్యాక మన నాన్నలు ఒక్కొక్కరే మద్రాసు బండెక్కారు. వాళ్ళది తప్పని నేననను. మనం చదువుకున్నది ఆ బండి వల్లే.

ఇప్పుడు అసలు సంగతి. పెళ్ళిలో ఇద్దరు పెద్దవాళ్ళు, "గవర్నమెంటుకు తెలిస్తే పురావస్తు శాఖ వాళ్ళొచ్చి పట్టేసుకుంటారు, మేకు కూడా కొట్టనివ్వరు, ఆ లోపే అమ్మేద్దాం" అన్నారు. మన ఇంటి మీద ఇంత వ్యామోహం ఏ శాఖకూ లేదు, నిశ్చింతగా ఉండండి. కేంద్ర చట్టంలో వందేళ్ళు దాటినవి అన్న మాట ఉంది, నిజమే. అంతమాత్రాన వందేళ్ళు దాటిన ప్రతి ఇల్లూ రక్షిత కట్టడం అయిపోదు, ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించాలి. చుట్టూ వంద మీటర్లలో కట్టకూడదు, ఆపైన రెండొందల మీటర్లు అనుమతి కావాలి అనే నిబంధన అలా ప్రకటించిన కేంద్ర కట్టడాలకు. ఇంటాక్ అని 1984లో పెట్టిన సంస్థ ఉంది, అది పాత కట్టడాల జాబితాలు తయారుచేస్తుంది. ఆ జాబితాలో ఎక్కినంత మాత్రాన మన చేతులకు సంకెళ్ళు పడవు.

మనం భయపడాల్సింది ఎవరో వచ్చి పట్టుకుంటారని కాదు. ఎవరూ రారని. చెన్నైలో పాత ఇళ్ళకు కనీసం ఒక జాబితా, సీఎండీఏ (చెన్నై నగరాభివృద్ధి సంస్థ) కింద ఒక కమిటీ ఉన్నాయి. మౌంట్ రోడ్డు మీది భారత్ ఇన్సూరెన్స్ భవనం కేసులో 2010లో మద్రాసు హైకోర్టు తీర్పిచ్చిన తర్వాతే వాటికి కాస్త ఊపిరొచ్చింది. అయినా ఇక్కడ కూలేవి కూలుతూనే ఉన్నాయి. ఆ కమిటీ చెయ్యి ఆంధ్రలో ఉన్న మన ఊరిదాకా చాచదు. మన ఇంటికి హెరిటేజ్ కమిటీ ఉందంటే అది మనమే. పందొమ్మిదిమంది సభ్యులు, కోరం ఎప్పుడూ లేదు.

అమ్మాలనుకునేవాళ్ళకు ఒక మాట, లాయర్ని అడిగే చెబుతున్నాను. ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షను ప్రకారం, విడిపోని కుటుంబపు నివాసంలో ఒకరు తన వాటాను బయటివాళ్ళకు అమ్మితే, కొన్నవాడికి ఆ ఇంట్లో మనతో కలిసి ఉండే హక్కు రాదు. వాడు పంపకం కోసం కోర్టుకెక్కితే, 1893 నాటి విభజన చట్టం 4వ సెక్షను కింద, ఆ వాటాను కోర్టు కట్టిన వెలకు మనలో ఎవరైనా కొనుక్కోవచ్చు. కాబట్టి ఎవరూ దొంగచాటుగా తెగనమ్ముకోనక్కర్లేదు. డబ్బు అవసరమున్నవాళ్ళు నోరు తెరిచి చెప్పండి. నేనూ, చిన్నన్నయ్యా కలిసి ఒక వాటా కొనగలం. అంతకంటే ఎక్కువ నా పెన్షన్‌కు చాతకాదు.

నా సంతకం లేకుండా కానిచ్చేద్దామనుకున్న ఇద్దరు తమ్ముళ్ళకు కూడా: 1985 సెప్టెంబరు 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో మగపిల్లలతో సమానంగా వాటా వచ్చింది. నా పెళ్ళి 1988లో. ఆ పెళ్ళిలో మీరిద్దరూ నిక్కర్లు వేసుకుని పందిట్లో పరుగెత్తారు, ఫొటో ఉంది.

సరే, అమ్మకుండా ఏం చేస్తాం, మ్యూజియం పెడతామా అంటారు. కొందరు నిజంగానే చాలా చేశారు. తెలంగాణలో దోమకొండ గడిని ఆ కుటుంబంవాళ్ళే పూనుకుని పాత పద్ధతిలో బాగుచేయించారు, 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డుల్లో దానికి మెరిట్ వచ్చింది. అమ్మితే మన స్తంభాలు ఎక్కడికి పోతాయో, తమిళనాడులో చెట్టినాడు ప్రాంతంలోని ఆ కారైకుడి వైపే చూడండి. మునీశ్వరన్ కోయిల్ వీధిలో పాత ఇళ్ళ తలుపులు, స్తంభాలు వరసగా ఆనించి అమ్ముతుంటారు. అక్కడికి దగ్గర్లోనే కానాడుకాత్తాన్‌లో 'విశాలం' అనే పాత ఇల్లు హోటలై నడుస్తోంది, ఆ తలుపులూ ఆ స్తంభాలూ ఉన్న చోటే ఉండి. కానీ మనది దోమకొండ కాదు, చెట్టినాడూ కాదు. మన ఊరికి టూరిస్టులు రారు, దోమలొస్తాయి. హోటలు మాటెత్తేవాళ్ళను నేను నమ్మను.

చెన్నై దగ్గర ముత్తుకాడులో దక్షిణాది పాత ఇళ్ళ మ్యూజియం, దక్షిణచిత్ర ఉంది కదా, వాళ్ళకిచ్చేద్దాం, విప్పి అక్కడ కడతారు అని మా అమ్మాయి అంది. నాకూ ఆ చోటంటే ఇష్టం. 1996లో తెరిచినప్పటి నుంచి ఎన్నిసార్లు వెళ్ళానో. మన విశాఖ వైపు చుట్టిల్లు, నల్లగొండ నేతగాళ్ళ ఇల్లు అక్కడున్నాయి, పక్క రాష్ట్రాల ఇళ్ళూ ఉన్నాయి. కానీ అది ఇక వేరే దారి లేని ఇంటికి. మనకు దారి లేకపోవడం కాదు, తీరిక లేదు.

ఇంకో మాట చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే నిజం. ఆ ఇల్లు మనకు తీపి జ్ఞాపకం. ఊరందరికీ కాదు. నేను తూము తీస్తుంటే సాయానికొచ్చిన ముసలాయన, గడప దాటి లోపలికి రావడం తన జన్మలో అదే మొదటిసారన్నాడు. వాళ్ళ నాన్న చెప్పులు చేత్తో పట్టుకుని అరుగు కింద నిలబడేవాడట. కోపంగా అనలేదు, నవ్వుతూనే అన్నాడు. నాకే ఎటు చూడాలో తెలియలేదు. దూలాలు రంగూన్ నుంచి వచ్చాయి సరే, వాటిని కాలువ గట్టు నుంచి మోసుకొచ్చినవాళ్ళు, గానుగ తిప్పినవాళ్ళు, ఏటా పెంకులు సర్దినవాళ్ళు ఎవరు? వాళ్ళ పేర్లు ద్వారం మీద లేవు. ఇంటి చరిత్ర రాస్తే ఆయన చెప్పేది కూడా అందులో ఉండాలి, ముత్తాత తలపాగా ఫొటో పక్కనే. అది వద్దనుకుంటే చరిత్ర అనకండి, గొప్పలు అనండి.

నేనడిగేది పెద్దదేం కాదు. ఆశ్వయుజం, కార్తీకం వానలు మన వైపు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. ఆ లోపల కప్పు. పడమర వైపు రెండు వాసాలు పోయాయి. దూలాలు టేకువి కాబట్టి నిలిచాయి, వాసాలు తాటివి. మండువా నాలుగు మూలల్లో కప్పులు కలిసే చోట రేకు దోనెలు తుప్పుపట్టాయి, అవి మార్చాలి. గోడలో మొలిచిన రావి మొక్కను పీకకూడదు, గోడ కూడా వస్తుంది, కోసి వేరు చంపాలి. తూర్పు గోడ సిమెంటు మెల్లగా కొట్టించి, ఆరనిచ్చి, సున్నం పూయించాలి. సున్నం పని తెలిసిన మేస్త్రీ ఒకాయన దొరికాడు, వయసు డెబ్భై దాటింది, అందుకే తొందర. ఇంటిని కొలిచి బొమ్మలు గీయడానికి ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు నలుగురు వస్తామన్నారు. వాళ్ళకు భోజనం పెడితే చాలట.

ఖర్చుకు తలా పాతికవేలు. ఇవ్వలేనివాళ్ళు ఇవ్వకండి, వాటా ఎక్కడికీ పోదు. కాగితం మీద సంతకం మాత్రం అందరిదీ కావాలి: పదేళ్ళపాటు స్తంభం, తలుపు, దూలం ఏదీ ఊడదీసి అమ్మకూడదని, ఇల్లు చూసుకోవడానికి ఒక కుటుంబ ట్రస్టు రాసుకుందామని. కాపలా చూస్తున్న ఆయనకు మూడేళ్ళ జీతం బాకీ ఉన్నాం, ముందు అది తీర్చాకే మేస్త్రీకి అడ్వాన్సు.

శ్రావణమాసం మొదటి ఆదివారం పొద్దున్నే బయల్దేరుతున్నాను. కార్లో ఇంకా ముగ్గురికి చోటుంది, పెరంబూరు నుంచి ఐదింటికి. ఇడ్లీలు, కారప్పొడి నేను తెస్తాను. స్టాంపు కాగితాలు చిన్నన్నయ్య తెస్తాడు. రాలేనివాళ్ళు ఫోన్ చెయ్యండి, బొటనవేలు పెట్టకండి. నిచ్చెన ఊళ్ళో ఉంది, అడిగి ఉంచాను.

మీ,
పడమటింటి తాతగారి పెద్ద మనవరాలు